క్రూగర్‌లో సొంత కారా, ఓపెన్ ట్రక్కా, ప్రైవేటు లాడ్జా?

దక్షిణాఫ్రికాలోని క్రూగర్ నేషనల్ పార్కుకు వెళ్లొచ్చామంటే మనవాళ్లు మొదట అడిగేది "సింహం కనబడిందా?" అని, ఆ వెంటనే "ఎంతయింది?" అని. రెండింటికీ జవాబు మనం ఏ బండిలో తిరిగామన్న దాన్ని బట్టే ఉంటుంది. మేం ఒకే ట్రిప్పులో మూడు రకాలూ చూశాం: మనమే నడుపుకునే కారు, పార్కువాళ్ల ఓపెన్ ట్రక్కు, పక్కనే ఉన్న సాబీ సాండ్‌లో ప్రైవేటు లాడ్జి జీపు. పెట్టిన డబ్బునూ చూసిన జంతువులనూ పక్కపక్కన పెట్టి చూస్తే నా ఓటు కారుకే. కాకపోతే చిరుతపులి కోసమే వెళ్లేవాళ్ల లెక్క వేరు.

మా చెల్లెలు వాళ్లు జొహన్నెస్‌బర్గ్ దగ్గర మిడ్‌రాండ్‌లో ఉంటారు. మరిదికి అక్కడి రోడ్లు అలవాటే కాబట్టి డ్రైవింగ్ టెన్షన్ మాకు లేకపోయింది. లేకపోయినా పెద్ద ఇబ్బందేమీ కాదు. అక్కడా మనలాగే ఎడమ పక్కనే నడుపుతారు. ఎన్4 హైవే మీద మలెలేన్ గేటు దాకా ఐదారు గంటల ప్రయాణం, దారి బాగుంది, టోల్‌గేట్లు ఎక్కువ.

పార్కు విస్తీర్ణం దాదాపు 20 వేల చదరపు కిలోమీటర్లు. ఉత్తరం నుంచి దక్షిణానికి 350 కిలోమీటర్ల పైమాటే. 1898లో సాబీ రిజర్వుగా మొదలై 1926లో నేషనల్ పార్కు అయింది. ఇంత అడవిని ఒక్క ట్రిప్పులో చుట్టేద్దామనుకుంటే చూసేది రోడ్డే. తారురోడ్డు మీద 50, మట్టిరోడ్డు మీద 40 దాటకూడదు. అసలు 25లో వెళ్తేనే ఏదైనా కంటపడుతుంది. అందుకే దక్షిణాన లోయర్ సాబీ, మధ్యలో సతారా, పార్కు లోపలి ఈ రెండు బస క్యాంపులకే పరిమితమయ్యాం. బయటి ఊళ్లలో హోటల్ తీసుకుని రోజూ గేటు దాటి వచ్చేవాళ్లూ ఉన్నారు. గది కొంచెం చవక కావచ్చు గానీ, పొద్దున గేటు దగ్గర క్యూలో కాగితాలు నింపుతూ ఉండగానే మంచి గంట గడిచిపోతుంది. లోపల ఉన్నవాళ్లు జూన్‌లో (అక్కడ అది చలికాలం) ఆరింటికి క్యాంపు గేటు తీయగానే నేరుగా అడవిలో ఉంటారు.

లోయర్ సాబీ నుంచి ఇంకో క్యాంపు స్కుకుజాకు వెళ్లే హెచ్4-1 రోడ్డు సాబీ నది పక్కనే సాగుతుంది. పార్కులో బాగా రద్దీగా ఉండే దారుల్లో ఇదొకటి. రద్దీ అని కొందరు విసుక్కుంటారు కానీ, చలికాలంలో చుట్టుపక్కల గుంటలు ఎండిపోతే జంతువులన్నీ ఈ నదికే రావాలి. అందుకే మేం ఎక్కువ పొద్దులు ఇక్కడే గడిపాం. ఒక చోట రోడ్డు కింద తూము ఉంది. దాని పక్కన ఒక్క కారు కూడా ఆగలేదు, మేం మాత్రం ఆగాం. ఆపమన్నది చెల్లెలే. తూములోంచి నల్లటి బొచ్చు పిల్ల ఒకటి బయటికొచ్చింది, దాని వెనక ఇంకోటి. దుమ్ములగొండి పిల్లలు. అవి తూముల్లో కాపురం పెట్టడం క్రూగర్‌లో మామూలేనట. తల్లి రోడ్డు అంచున వెచ్చగా పడుకుని ఉంది. పిల్లల్లో ఒకటి మా టైరు దగ్గరికొచ్చి వాసన చూసి, రబ్బరు కొరకబోయింది. టీవీలో ఎప్పుడూ ఇంకొకరి వేటను దోచుకునే దొంగల్లాగానే చూశాం వీటిని. ఇక్కడ అరగంట సేపు తల్లి పాలకు పిల్లలు కొట్టుకోవడం చూస్తూ కూర్చున్నాం. ట్రిప్పు మొత్తంలో నాకు బాగా నచ్చింది ఇదే. ట్రక్కులో వెళ్లి ఉంటే ఇందులో ఐదు నిమిషాలు దొరికేవి.

అదే రోడ్డు మీద ఏనుగు మమ్మల్ని బాగా వెనక్కి నడిపించింది. ఒంటరి మగ ఏనుగు, చెంపల మీద తడి చారలు. "వదినా, అద్దాలు ఎక్కించండి, మదం మీదున్నట్టుంది" అంటూ మరిది రివర్స్ గేరేశాడు. అది తొందరేమీ లేకుండా రోడ్డు మధ్యనే నడుస్తూ వచ్చింది, మేం అదే వేగంతో వెనక్కి పోయాం, మా వెనక ఉన్న కార్లూ పోయాయి. ఎవరూ హారన్ కొట్టలేదు. మన ఘాట్ రోడ్డయితే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. ఏనుగుతో దూరం పాటించడం, బండి దిగకపోవడం, ఈ రెండూ గట్టిగా పట్టుకుంటే కారులో తిరగడానికి భయపడాల్సిన పని లేదు. కాళ్లు చాపుకోవాలంటే న్కుహ్లు, త్షోక్వానే లాంటి పిక్నిక్ చోట్లు ఉన్నాయి. అక్కడ కోతులు ప్లేటులోంచే ఎత్తుకెళ్తాయి.

లోయర్ సాబీ గేటు దాటగానే వచ్చే సన్‌సెట్ డ్యామ్ కూడా ఒంటరిగా కూర్చుని చూడాల్సిన చోటు. నీటిగుర్రాలు, మొసళ్లు, కొంగలు అన్నీ కారు కిటికీకి దగ్గరలోనే. గేటు మూసే వేళకు క్యాంపు పక్కనే ఉంటుంది కాబట్టి ఆఖరి నిమిషం దాకా ఉండొచ్చు. ఆలస్యమైతే జరిమానా వేస్తారు.

సింహాల కోసం మాత్రం సతారా. అక్కడి ఎస్100 మట్టిరోడ్డు సింహాలకు పేరున్న దారి. పేరైతే ఉంది గానీ, మొదటిసారి మాకు దక్కింది గడ్డిలో ఊగే తోక ఒక్కటే. దాని కోసం చాలా కార్లు ఆగి ఉన్నాయి. తర్వాత రోజు సాయంత్రం అదే రోడ్డు మీద ఆడసింహాలు, కొంచెం పెరిగిన పిల్లలు వరసగా ఎదురొచ్చాయి. కారు బానెట్ ఎత్తుకు కొంచెం తక్కువ తల, మన వైపు చూడనైనా చూడకుండా పక్కనుంచి వెళ్లిపోయే తీరు, ఫొటోలో రాదు. గేటు టైము దగ్గర పడి మేమే ముందు కదలాల్సి వచ్చింది.

పార్కువాళ్ల ట్రక్కు విషయానికొస్తే, అందులో కొనుక్కునేది జంతువులను కాదు, సమయాన్ని. గేట్లు తెరవక ముందే పొద్దుటి ట్రక్కు బయల్దేరుతుంది. గేట్లు మూశాక సాయంత్రపు ట్రక్కు తిరిగొస్తుంది. ఆ చీకటిలో ఇంకెవరికీ ప్రవేశం లేదు. స్పాట్‌లైట్ వెలుగులో పునుగుపిల్లి జాతివి, రోడ్డు మీద కూర్చున్న రాత్రిపిట్టలు, తారు వెచ్చదనానికి రోడ్డెక్కిన మగసింహం కనబడ్డాయి. కానీ బండి నిండా జనం. ముందు వరసవాళ్లు ఇంపాలాకూ (అక్కడ ఎక్కడ చూసినా కనబడే జింకలాంటిది) ఆపమంటారు, వెనక వరసవాళ్లు సింహం తప్ప దేనికీ ఒప్పుకోరు. పిట్టలంటే ఇష్టమున్నవాళ్లకు ఇది శిక్షే. లిలాక్ బ్రెస్టెడ్ రోలర్ అని మన పాలపిట్టకు దగ్గరి చుట్టం ఒకటుంది, ఛాతీ ఊదారంగు. దసరాకి పాలపిట్ట కోసం ఊరంతా తిరిగేవాళ్లం, అక్కడ ప్రతి రెండో కొమ్మ మీదా ఇదే. దాని కోసం ట్రక్కు ఆగదు. ఒక పొద్దున, ఒక సాయంత్రం ట్రక్కు ఎక్కితే చాలనిపించింది. ఆరేళ్ల లోపు పిల్లలను ఎక్కించరు. జూన్ పొద్దున ఓపెన్ బండిలో చలి మామూలుగా ఉండదు, ఉన్ని టోపీ, గ్లవ్స్ తప్పనిసరి.

సాబీ సాండ్ ప్రైవేటు రిజర్వు క్రూగర్‌కు పడమటి పక్కన ఆనుకునే ఉంటుంది. మధ్యలో కంచెను 1993లో తీసేశారు, జంతువులు అటూ ఇటూ తిరుగుతాయి, మనుషులు మాత్రం పాల్ క్రూగర్ గేటు బయటికొచ్చి చుట్టి వెళ్లాలి. ప్రవేశ రుసుము వేరే. జీపు ముందు అంచు మీద సీటు వేసుకుని జాడలు చూసే ట్రాకర్ కూర్చుంటాడు, వెనక గైడ్ నడుపుతాడు. క్రూగర్‌లో రోడ్డు దిగడం నిషేధం. ఇక్కడ చిరుత కోసం పొదల్లోకి నడిపేస్తారు. మట్టిలో అడుగు చూసి, ఇంపాలాల హెచ్చరిక అరుపు విని, ఆ ట్రాకర్ చెట్టు మీద వేటతో ఉన్న ఆడచిరుతను పట్టుకున్న తీరుకు దండం పెట్టొచ్చు. ఒక చోట ఒకేసారి రెండు మూడు బళ్లకు మించి ఉండకుండా రేడియోలో వంతులు వేసుకుంటారు. రాత్రి లైటు ఇంపాలా మీద పడగానే ఆర్పేశారు, కళ్లు చెదిరితే చిరుతకు సులువుగా దొరికిపోతుందని. ఆ పద్ధతి నాకు నచ్చింది.

నచ్చనిది, అంతా చిరుత కోసమే కావడం. దారిలో రాబందులు దిగుతున్నాయి, ఏముందో చూద్దామంటే "తర్వాత" అన్నారు, ఆ తర్వాత రానే లేదు. పైగా శాకాహారం ఉందని మెయిల్లో రాసిన లాడ్జిలో పూటపూటా పాస్తా, ఉడకబెట్టిన కూరలే. అక్కడ ఒక్క రాత్రికి అయిన డబ్బుతో పార్కు క్యాంపులో వారం ఉండొచ్చు. క్రూగర్‌లో చిరుత మాకు ఒక్కసారే, అదీ దూరంగా, నదికి అవతలి గట్టున కనబడింది. కాబట్టి చిరుతే కావాలంటే ఇక్కడ రెండు రాత్రులు పెట్టుకోండి. అంత పట్టింపు లేకపోతే ఆ డబ్బు మిగుల్చుకోవచ్చు.

ఖడ్గమృగాల గురించి కూడా చెప్పాలి. క్యాంపుల్లో ఎక్కడ ఏది కనబడిందో గుచ్చే మ్యాపు బోర్డులుంటాయి, వాటి మీద ఖడ్గమృగం ఉండదు. వేటగాళ్ల భయం. చాలావాటికి కొమ్ములు ముందే కోసేశారు. మేం చూసిన జంట కూడా అలాగే మొండి ముక్కులతో ఉంది. ఫొటో పెట్టేటప్పుడు చోటు చెప్పకండి, ఫోన్‌లో లొకేషన్ ఆపేయండి.

బసల్లో లోయర్ సాబీకి పోటీ లేదు. రెస్టారెంటు చెక్క వరండాలోంచి నది, నదిలో ఏనుగులు. గుండ్రటి గడ్డికప్పు గదులు పాతవే కానీ శుభ్రం. ఫ్రిజ్ వరండాలో పెట్టి కోతులు తెరవకుండా కట్టడి చేస్తారు. సతారాలో గదులు బాగున్నాయి, నది లేదు. వంటింటి వసతి ఉన్న గది అడిగి తీసుకుంటే మనకు సగం సమస్య తీరినట్టే. క్యాంపు దుకాణంలో బియ్యం, పెరుగు, ఉల్లి, గుడ్లు దొరికాయి. పప్పు, పొడులు మిడ్‌రాండ్ నుంచి తెచ్చుకున్నాం. ప్లగ్గు కోసం ప్రత్యేకంగా విదేశీ అడాప్టర్ వెతకక్కర్లేదు: మన గీజర్లకు వాడే 15 ఆంపుల లావుపాటి మూడు పిన్నులదే అక్కడి ప్లగ్గు. ఫోన్ ఛార్జర్ లాంటి సన్న పిన్నులకు మాత్రం ఇక్కడ దొరికే కన్వర్టర్ తీసుకెళ్లాలి.

ఖర్చులో మనవాళ్లు మర్చిపోయేది రోజువారీ సంరక్షణ రుసుము. విదేశీయులకు తలకు, రోజుకు 600 ర్యాండ్లకు (అక్కడి కరెన్సీ) పైనే, ఏటా నవంబరులో పెరుగుతుంది. ఎక్కువ రోజులుంటే వైల్డ్ కార్డ్ (ఈ రుసుము బదులు తీసుకునే ఏడాది పాస్) లెక్క చూసుకోండి. ఇథియోపియా, కెన్యా మీదుగా విమానం అయితే ఎల్లో ఫీవర్ టీకా నిబంధన టికెట్ కొనేముందే కనుక్కోండి, గల్ఫ్ మీదుగా అయితే ఆ గొడవ లేదు. మలేరియా మాత్రల గురించి డాక్టరును అడగాలి, చలికాలంలో ముప్పు తక్కువ.

బుకింగ్ పదకొండు నెలల ముందే తెరుస్తారు, అక్కడి స్కూళ్ల సెలవులప్పుడు నది కనబడే గదులు ముందే అయిపోతాయి. లోయర్ సాబీ దొరక్కపోతే క్రొకడైల్ బ్రిడ్జ్ క్యాంపు తీసుకోండి. అక్కడి నుంచి లోయర్ సాబీ 34 కిలోమీటర్లే. మధ్యలో ఎస్28 మట్టిరోడ్డు చీతాలకు పేరున్నది, మాకైతే కనబడలేదు.