ఏ320కి ఒకటి, సెస్నాకి ఇంకొకటి: ఇంటి సిమ్యులేటర్‌కి ఏ జాయ్‌స్టిక్, ఏ థ్రాటిల్ మేలు?

శంషాబాద్ నుంచి గన్నవరానికి ఎయిర్‌బస్ ఏ320లో వెళ్తే ఇంజిన్ పవర్ పెంచి తగ్గించే థ్రాటిల్ మీటలు ఎన్నిసార్లు కదుపుతారో ఒకసారి లెక్కపెట్టండి. నేల మీద నడిపే ట్యాక్సీ సంగతి పక్కన పెడదాం. రన్‌వే మీద రెండు ఇంజిన్లూ సమంగా పుంజుకునేదాకా కాస్త తోసి ఆపుతారు. తర్వాత ఫ్లెక్స్ (పూర్తికన్నా కాస్త తక్కువ టేకాఫ్ పవర్) గాడిలోకి నెడతారు. గాల్లోకి లేచాక, మామూలుగా 1,500 అడుగుల దగ్గర, తెర మీద క్లైంబ్ సూచన మెరుస్తుంది. అప్పుడు క్లైంబ్ గాడికి వెనక్కి లాగుతారు. అక్కడి నుంచి పవర్‌ని ఆటోథ్రస్ట్ తనే చూసుకుంటుంది. ఇక గన్నవరంలో నేలకి 20 అడుగుల ఎత్తున విమానం 'రిటార్డ్' అని అరిచేదాకా ఆ మీటల జోలికి పోయే పనే లేదు. ఆ తర్వాత ఐడిల్ (అతి తక్కువ పవర్), రివర్స్ (ఆగడానికి వెనక్కి తోపు), మళ్లీ ఐడిల్.

అదే చిన్న విమానం సెస్నా 172లో బేగంపేట చుట్టూ ఒక్క సర్క్యూట్ కొట్టండి. రన్‌వేకి ఎదురుగా దిగే ఫైనల్‌లో ఆర్‌పీఎం (ఇంజిన్ తిరిగే వేగం) ఒక వంద పెంచడం, యాభై తగ్గించడం, మళ్లీ పెంచడం. చెయ్యి థ్రాటిల్ మీదే ఉంటుంది. ఇక యుద్ధవిమానాల సిమ్యులేటర్ డీసీఎస్‌లో ఎఫ్-18 పట్టుకుని ట్యాంకర్ వెనక ఇంధనం నింపుకోవడానికి నిలబడితే థ్రాటిల్ ఒక్క క్షణం కూడా ఊరుకోదు. వెంట్రుకవాసి ముందుకి, వెంట్రుకవాసి వెనక్కి.

అందుకే ఒకే డబ్బుతో ముగ్గురు వెళ్తే ముగ్గురూ వేర్వేరు సరుకు తెచ్చుకోవాలి. ఏ320 వాళ్లకి గాడులు ముఖ్యం. సెస్నా వాళ్లకి మీట ఎంత దూరం కదులుతుందో, ఎంత నున్నగా కదులుతుందో ముఖ్యం. ఫైటర్ వాళ్లకి పొడవైన ప్రయాణంతో పాటు వేళ్ల కింద బటన్లు కూడా కావాలి. అందరికీ ఒకటే సలహా ఇచ్చే దుకాణదారుణ్ని నమ్మకండి.

ముందు కర్ర సంగతి

జాయ్‌స్టిక్ లోపల పిడి ఎటు వంగిందో కొలిచే పద్ధతులు ప్రధానంగా రెండు. ఒకటి పొటెన్షియోమీటర్: పాత రేడియోలో వాల్యూమ్ నాబ్ లాంటిదే, నల్లటి కార్బన్ పట్టీ మీద చిన్న లోహపు నాలుక రాసుకుంటూ తిరుగుతుంది. పట్టీ అరిగినా, దుమ్ము చేరినా సంకేతం గెంతుతుంది. పాత రేడియోలో గరగరమన్నట్టే ఇక్కడ విమానం ముక్కు ఉన్నట్టుండి పక్కకి తిరుగుతుంది. రెండోది హాల్ సెన్సర్: అయస్కాంతం కదులుతుంటే దాని క్షేత్రంలో మార్పుని చిప్ కొలుస్తుంది. ఏదీ ఏదానికీ రాసుకోదు కాబట్టి అరగడం అన్న మాటే లేదు.

లాజిటెక్ ఎక్స్‌ట్రీమ్ 3డీ ప్రో చాలామందికి మొదటి కర్ర. 12 బటన్లు, పైన ఎనిమిది దిక్కులకీ నొక్కే హ్యాట్ అనే చిన్న బటన్, పిడిని మెలితిప్పితే రడ్డర్ (విమానం ముక్కుని పక్కకి తిప్పేది), అడుగున బుల్లి థ్రాటిల్ మీట. తేలిగ్గా దొరుకుతుంది, ధర తక్కువ. అసలు ఈ సరదా నెల తర్వాత కూడా నిలుస్తుందా అన్న అనుమానం ఉన్నవాళ్లకి ఇదే సరి. కుడిచేతి పిడి మాత్రమే కావడం దీని లోటు. ఏ320 కెప్టెన్ సీటులో కర్ర ఎడమ చేతికి, థ్రాటిల్ కుడి చేతికి ఉంటాయి. ఎడమ సీటులో కూర్చుని కుడిచేత్తో కర్ర పట్టుకుంటే ఎగరడం ఆగిపోదు గానీ, అలవాటైన చేతిని తర్వాత మార్చుకోవడం పెద్ద తలనొప్పి.

థ్రస్ట్‌మాస్టర్ టీ16000ఎం దీనికి ఒక మెట్టు పైన. అటూ ఇటూ, ముందూ వెనకా వంగడాన్ని హాల్ సెన్సర్ కొలుస్తుంది. 16 బటన్లు. పిడి మీది ప్లాస్టిక్ ముక్కలు విప్పి మార్చుకుంటే ఎడమచేతి కర్రగా కూడా మారుతుంది. ఇదే కుటుంబంలో ఎయిర్‌బస్ వేషం వేసుకున్నది టీసీఏ సైడ్‌స్టిక్. పిడి ఆకారం, నీలం రంగు, ఎర్ర బటన్ తేడా తప్ప లోపలి పద్ధతి దాదాపు అదే. ఈ రెంటిలో దేన్ని కొనాలని తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. ఆ రోజు ఏది తక్కువకి వస్తే అదే.

ఒక్క సంగతి మాత్రం డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాయరు. టీ16000ఎంలో హాల్ సెన్సర్ ఉన్నది కర్ర వంపుకే. పిడిని మెలితిప్పే రడ్డర్‌కి పొటెన్షియోమీటరే. కొన్నాళ్ల తర్వాత ట్యాక్సీలో విమానం తాగినవాడిలా అటూ ఇటూ పోతుంటే మొదట అనుమానించాల్సింది దాన్నే. రడ్డర్‌కి 3 నుంచి 5 శాతం డెడ్‌జోన్ (మధ్యలో చిన్న కదలికల్ని సిమ్ పట్టించుకోని భాగం) పెడితే కొంతకాలం నడుస్తుంది. ఇంకా ముదిరితే బేస్ విప్పి ఎలక్ట్రానిక్ కాంటాక్ట్ క్లీనర్ కొట్టాలి. వారంటీ ఉండగా విప్పకండి.

ఇంకో మెట్టు పైన వీకేబీ గ్లాడియేటర్ ఎన్‌ఎక్స్‌టీ ఈవో ఉంటుంది. మెలితిప్పే రడ్డర్‌తో సహా ముఖ్యమైన యాక్సిస్‌లన్నిటికీ (కదిలే దిశలన్నిటికీ) రాపిడి లేని సెన్సర్లే. దీనికీ టీ16000ఎంకీ చేతికి తెలిసే అసలు తేడా స్ప్రింగుల్లో ఉంది. టీ16000ఎంలో ఒకే పెద్ద స్ప్రింగు ఒక పలకని కిందికి నొక్కి పిడిని మధ్యలో నిలబెడుతుంది. మధ్య నుంచి కదిలేటప్పుడు చిన్న మెట్టు దాటిన భావన కలుగుతుంది. సన్నగా గురిపెట్టాల్సిన చోట అదే చికాకు: కొంచెం తోస్తే కదలదు, ఇంకొంచెం తోస్తే కావలసినదానికన్నా ఎక్కువ కదులుతుంది. గ్లాడియేటర్‌లో ముందువెనకలకి ఒక స్ప్రింగు, పక్కలకి ఇంకొకటి. బిగువు ఎక్కువనిపిస్తే స్ప్రింగు మార్చుకోవచ్చు. పైగా ఒరిపిడి పెంచే క్లచ్ ఉంటుంది. హెలికాప్టర్ నడిపేవాళ్లు దాన్ని బిగించి పెట్టుకుంటే వదిలిన చోటే పిడి దాదాపు నిలబడుతుంది. కాకపోతే ఎడమ, కుడి పిడులు విడివిడి మోడళ్లు కాబట్టి ఏ చేతికో ముందే తేల్చుకోవాలి. మన దేశానికి బయటి నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం, పాడైతే తిరిగి పంపే ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. కర్ర ధర ఒక్కటే చూసి సంబరపడితే తర్వాత గుండె గుభేల్‌మంటుంది.

థ్రాటిల్: మిల్లీమీటర్ల లెక్క

కర్ర బేస్ మీద ఉండే బుల్లి మీట మొత్తం 3 సెంటీమీటర్లు కదులుతుందనుకుందాం. అంటే ఒక శాతం పవర్‌కి 0.3 మిల్లీమీటరు. వేలి చివర అంత సన్నగా కదపడం ఎవరి వల్లా కాదు. టీ16000ఎం ఎఫ్‌సీఎస్ జతలో వచ్చే టీడబ్ల్యూసీఎస్ థ్రాటిల్ పట్టాల మీద సుమారు 8 సెంటీమీటర్లు జారుతుంది. అక్కడ ఒక శాతానికి 0.8 మిల్లీమీటరు. పైగా అరచెయ్యి మొత్తం దాని మీద ఉంటుంది కాబట్టి కదలిక వేలితో కాక ముంజేతితో వస్తుంది. సెస్నా ఫైనల్‌లోనూ, ట్యాంకర్ వెనకా తేడా అంతా ఇక్కడే. దాని మీద 14 బటన్లు, బొటనవేలి కింద చిన్న కర్ర, వేళ్ల వైపు రడ్డర్ తెడ్డు కూడా ఉంటాయి. ఫైటర్లకి ఈ ధరలో ఇంతకన్నా మంచి బేరం కష్టం.

దాని జబ్బు కూడా ఆ పట్టాల్లోనే ఉంది. కొత్తలో నున్నగా జారినా లోపలి గ్రీజు చిక్కబడితే మీట మొదట అతుక్కుని, తర్వాత ఒక్కసారిగా గెంతుతుంది. బిగువు మార్చే స్క్రూ అడుగున ఉంటుంది, ముందు దాన్ని వదులు చేసి చూడండి. అప్పటికీ తగ్గకపోతే విప్పి పాత గ్రీజు తుడిచి, ప్లాస్టిక్‌కి పనికొచ్చే సిలికాన్ గ్రీజు పలచగా రాయాలి. తలుపు బందుకి కొట్టే తుప్పు స్ప్రే మాత్రం వద్దు. కొట్టిన రోజు బాగుంటుంది, ఆ తర్వాత దుమ్మంతా దానికే అంటుకుంటుంది.

ఏ320 మాత్రమే నడిపేవాళ్లకి ఈ పొడవైన పట్టాలు దండగ. వాళ్లకి కావలసింది చూడకుండానే చేతికి 'టక్' మని తెలిసే గాడి. థ్రస్ట్‌మాస్టర్ టీసీఏ క్వాడ్రంట్ అనే థ్రాటిల్ పెట్టెలో రెండు మీటలు, ఐడిల్, క్లైంబ్, ఫ్లెక్స్, టోగా (పూర్తి పవర్) గాడులు, కింద ఇంజిన్ మాస్టర్ స్విచ్‌లు ఉంటాయి. బుల్లి మీటతో క్లైంబ్ గాడి వెతకడం చీకట్లో తాళం చెవి వెతకడమే. కాస్త అటైతే ఆటోథ్రస్ట్ ఆశించినట్టు పని చేయదు, కాస్త ఇటైతే ఫ్లెక్స్‌లోకి పోతుంది. వేరే విమానాలు కూడా నడపాలంటే క్వాడ్రంట్‌లో గాడుల్ని ఆపేసుకునే వీలుంది. కానీ సెస్నాకి ఆ పొట్టి మీట నప్పదు.

గాడులు ఉన్నంత మాత్రాన సరిపోదు, సాఫ్ట్‌వేర్‌కి వాటి చోటు చెప్పాలి. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌కి అదనంగా వేసుకునే ఏ320, ఫ్లైబైవైర్ ఏ32ఎన్‌ఎక్స్‌లో ఈ పని కాక్‌పిట్‌లోని ఫ్లైప్యాడ్ ట్యాబ్లెట్‌లో జరుగుతుంది. ముందు మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ కంట్రోల్స్‌లో ఎడమ మీటకి 'థ్రాటిల్ 1 యాక్సిస్', కుడి మీటకి 'థ్రాటిల్ 2 యాక్సిస్' ఇవ్వండి. పక్కనే '0 నుంచి 100%' అన్న తోకతో ఇంకో వరుస కనిపిస్తుంది. రివర్స్ కూడా అదే మీటతో కావాలంటే తోక లేనిదే తీసుకోండి. సెన్సిటివిటీ గీత తిన్నగా ఉంచాలి, వంపు పెట్టకూడదు. తర్వాత విమానంలో ఫ్లైప్యాడ్ తెరిచి, సెట్టింగ్స్‌లోని సిమ్ ఆప్షన్స్‌లో థ్రాటిల్ కాలిబ్రేషన్‌కి వెళ్లి, ఒక్కో గాడిలో మీట పెట్టి ఆ విలువ నమోదు చేయాలి: రివర్స్ నుంచి మొదలుపెట్టి ఐడిల్, క్లైంబ్, ఫ్లెక్స్, టోగా. గాడిలో పెట్టాక మీటని మెల్లగా అటూ ఇటూ ఊపి చూడండి, చిన్న ఊగు ఉంటుంది. ఆ ఊగు మొత్తం పట్టేంత వెడల్పు ఇస్తే గాలిలో గాడి తప్పడం ఉండదు.

అన్నీ సరిగ్గా చేశాక కూడా ఇంజిన్ పవర్ దానంతటదే గెంతుతోందంటే పది మందిలో తొమ్మిది మందికి కారణం ఒకటే. కొత్త పరికరం తగిలించగానే సిమ్ దానికి ఒక ప్రొఫైల్ తనే వేసేస్తుంది. కర్ర బేస్ మీది బుల్లి మీటా థ్రాటిలే, కొత్త క్వాడ్రంటూ థ్రాటిలే. ఇద్దరూ ఒకే తాడు లాగుతుంటారు. కర్ర ప్రొఫైల్ తెరిచి బుల్లి మీట నుంచి థ్రాటిల్ తీసేయండి, దాన్ని స్పీడ్‌బ్రేక్‌కి వాడుకోండి. టీడబ్ల్యూసీఎస్ వాళ్లకి ఇదే గొడవ రడ్డర్‌లో వస్తుంది: పిడి మెలికా, థ్రాటిల్ తెడ్డూ రెండూ రడ్డర్ అనుకుంటాయి. ఒకటి తీసేయాలి.

కర్ర వదిలి యోక్ వైపు

సెస్నా, బోయింగ్ 737, ఏటీఆర్ 72 మాత్రమే ఎక్కువగా నడిపేవాళ్లు ఇంత చదివి కూడా జాయ్‌స్టిక్ కొంటే కాస్త పొరపాటే. వాటిలో ఉండేది యోక్, అంటే స్టీరింగ్ లాంటి పిడి. హనీకోంబ్ ఆల్ఫా 180 డిగ్రీలు తిరుగుతుంది. దాని జత బ్రావోలో ఆరు మీటలు, ట్రిమ్ చక్రం, ఆటోపైలట్ బటన్లు ఉంటాయి. ఏటీఆర్‌లో పవర్ మీటలు రెండు, కండిషన్ మీటలు రెండు. అక్కడ రెండు మీటల క్వాడ్రంట్ చాలదు, బ్రావోలోనైతే ఇంకా మిగులుతాయి. కానీ యోక్‌కి మెలితిప్పే రడ్డర్ ఉండదు. పెడల్స్ కూడా కొనాల్సిందే. బల్ల చాలా నిండిపోతుంది, బిల్లు కూడా.

అదే మాట బరువైన లోహపు ఫైటర్ జతలకీ వర్తిస్తుంది. థ్రస్ట్‌మాస్టర్ వార్తాగ్ ఏ-10సీ నమూనా, చేతికి బరువుగా, ఖరీదుగా అనిపిస్తుంది. దానికీ మెలిక రడ్డర్ లేదు.

బల్ల, చెయ్యి

మంచి జత కొని కంప్యూటర్ బల్ల మీదే పెట్టేసి నెల తిరిగేసరికి భుజం పట్టేసిందనేవాళ్లు చాలామంది. మామూలు బల్ల 75 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది, దాని మీద కర్ర పిడి ఇంకా పైకి పోతుంది. మోచెయ్యి కుర్చీ చేతి మీద ఆనాలి, మణికట్టు మాత్రమే కదలాలి. కీబోర్డ్ సొరుగు ఉంటే కర్ర అందులో, లేదంటే కుర్చీ పక్కన క్లాంప్ మీద పెట్టండి. తేలికైన బేస్ ఉన్న కర్రలు ముందుకి తోస్తే మొత్తంగా జారిపోతాయి. వంటింటి అల్మరా అరల్లో పరిచే రబ్బరు జాలీ ముక్క ఒకటి కింద వేస్తే చాలు.

యూఎస్‌బీ తగిలించేటప్పుడు పిడి ముట్టుకోకుండా నిటారుగా వదిలేయండి, థ్రస్ట్‌మాస్టర్ కర్రలు తగిలించిన క్షణంలోనే తమ మధ్యని గుర్తుపెట్టుకుంటాయి. లైట్లు ఎక్కువున్న జతలు బలహీనమైన పోర్టులో నొక్కని బటన్లు నొక్కినట్టు చెబుతాయి. సొంత కరెంటు ఉన్న హబ్ పెడితే తగ్గుతుంది.

పాతది కొంటే

చెయ్యి మారిన జత మంచి బేరం అవుతుంది, చూసి కొంటే. అమ్మేవాళ్ల కంప్యూటర్లో విండోస్, ఆర్ నొక్కి 'జాయ్.సీపీఎల్' అని కొట్టి పరికరం లక్షణాలు తెరవమనండి. పిడిని నాలుగు మూలలకీ మెల్లగా తిప్పండి, తెరపై ప్లస్ గుర్తు పెట్టె అంచుల దాకా వెళ్లాలి. వదిలేస్తే మధ్యకి రావాలి, వచ్చాక వణకకూడదు. తర్వాత చాలామంది మరచిపోయే పని: పిడిని చాలా మెల్లగా, ఐదు సెకన్లు పట్టేంత మెల్లగా మెలితిప్పండి. రడ్డర్ పట్టీ నున్నగా పెరగాలి. మధ్యలో ఒక్క గెంతు కనిపించినా పొటెన్షియోమీటర్ అరిగిందన్నమాట, అంతకి తగ్గించి అడగండి. థ్రాటిల్ కూడా అలాగే, ముందుకి ఒకసారి, వెనక్కి ఒకసారి. ఆఖరున హ్యాట్ ఎనిమిది దిక్కులూ నొక్కి చూడండి. మూల దిక్కులు ముందు పాడవుతాయి.