తోడి రాగిణి ఆర్ట్ ప్రింట్: రాగమాల ఇష్టమున్నవాళ్ళు తీసుకోవచ్చు

రాగమాల బొమ్మల్లో (ఒక్కో సంగీత రాగాన్నీ ఒక్కో బొమ్మగా గీసిన పాత పెయింటింగ్స్) నాకు బాగా ఇష్టమైంది తోడి రాగిణి, దాని ప్రింట్ ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టా, నిన్న వచ్చింది. అడవిలో ఒక అమ్మాయి ఒక్కతే రెండు బుర్రల వీణ పట్టుకుని ఉంటుంది, ఆ నాదానికి లేళ్ళన్నీ చుట్టూ చేరిపోతాయి కానీ రావాల్సినవాడు మాత్రం రాడు, ఆ వెలితంతా ఆమె కళ్ళలోనే ఉంటుంది, అబ్బా ఎంత బాగా గీశారో! మామూలుగా ఒక రాగమాల సెట్‌లో 36 బొమ్మలుంటాయి, 6 రాగాలు, ఒక్కోదానికి 5 రాగిణులు (అంటే ఆ రాగానికి భార్యల్లాంటివి), చాలావాటిలో ప్రేమా విరహమే.

పేపర్ మందంగా ఉంది, మాట్ ఫినిష్, లైట్ పడినా మెరవట్లేదు, లేళ్ళ మచ్చలు కూడా క్లియర్‌గా వచ్చాయి. ఆకుపచ్చ మాత్రం కొంచెం డార్క్ అయింది. ఫ్రేమ్ వాళ్ళ దగ్గర తీసుకోకండి, పల్చటి చెక్క, బయట కట్టించుకోండి.

ఇంకోటి, బొమ్మ చూస్తూ రాగం విందామనుకుంటే మన కర్ణాటక తోడి పెట్టకండి, హిందుస్తానీ తోడి వేరు, అది మన శుభపంతువరాళి రాగానికి దగ్గర. పొద్దున పూట పాడే రాగం, ఎవర్నైనా మిస్ అవుతున్నవాళ్ళు వింటూ ఈ బొమ్మ చూస్తే గుండె బరువెక్కిపోద్ది. నాలుగు స్టార్లు, ఒకటి ఫ్రేమ్‌కి కట్.