తప్పు ఎవరి ఖాతాలో రాయాలి: దిగిపోయినవాళ్లదా, ఎక్కినవాళ్లదా?

ప్రభుత్వం మారిన కొత్తలో ఏ దేశంలోనైనా ఒకటే పాట. కొత్తవాళ్లు ఖజానా ఖాళీ అంటారు. ఆడలేక మద్దెల ఓడు అంటున్నారని పాతవాళ్లు వెక్కిరిస్తారు. తప్పెవరిదో తేల్చడానికి జనం వాడే లెక్కలు ప్రధానంగా రెండు.

మొదటిది కుర్చీ లెక్క. జరిగినప్పుడు గద్దె మీద ఎవరుంటే వాళ్లదే బాధ్యత. సాకులు చెల్లవు కాబట్టి ఓటరుకు సులువు. కానీ అమెరికా 2009 బడ్జెట్ లోటు చూడండి. అక్కడ ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలవుతుంది. అంటే ఆ ఏడాది బడ్జెట్ కాలం 2008లో బుష్ ఉండగానే మొదలైపోయింది. ఒబామా ప్రమాణం చేసింది జనవరి 20న. అంతకు రెండు వారాల ముందే కాంగ్రెస్ (అమెరికా చట్టసభ) బడ్జెట్ ఆఫీసు 1.2 లక్షల కోట్ల డాలర్ల లోటు రాబోతోందని చెప్పేసింది. చివరికి తేలింది సుమారు 1.4 లక్షల కోట్లు. ఫిబ్రవరిలో ఒబామా సంతకం పెట్టిన ఉద్దీపన ప్యాకేజీకి ఇందులో వాటా లేకపోలేదు. అయినా మొత్తం ఆయన పేరునే రాసేస్తే అది లెక్క కాదు, కక్ష.

రెండోది మూలం లెక్క. విత్తనం ఎవరు వేశారో వెతకాలి అంటుంది. వినడానికి న్యాయంగానే ఉంటుంది, కానీ తవ్వకం ఎక్కడ ఆపాలో చెప్పదు. 2008 ఆర్థిక సంక్షోభానికి బుష్ కారణం అంటే, బ్యాంకుల మీద ఆంక్షలు సడలించిన 1999 చట్టం మీద సంతకం క్లింటన్‌ది అంటారు. ఆ బిల్లును పాస్ చేసిన కాంగ్రెస్‌లో మెజారిటీ బుష్ పార్టీ అయిన రిపబ్లికన్లది కదా అని ఇంకొకరు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం!

ఈ రెండిటికన్నా నాకు అప్పగింత లెక్క నయమనిపిస్తుంది. చేతికి వచ్చినప్పుడు పరిస్థితి ఏంటి, మార్చే వీలు ఎంత ఉంది, ఉన్న వీలుతో ఏం చేశారు? ఓపిక కావాలి, తేదీలు చూసుకోవాలి, నినాదానికి పనికిరాదు. కానీ తప్పును ముక్కలుగా విడగొట్టగలిగేది ఇదొక్కటే.

అఫ్గానిస్తాన్ నుంచి అమెరికా వైదొలగిన తీరునే తీసుకోండి. 2020 ఫిబ్రవరి 29న దోహాలో తాలిబన్లతో ఒప్పందం చేసుకున్నది ట్రంప్ ప్రభుత్వం. కాబూల్ ప్రభుత్వాన్ని అందులో పక్షంగా చేర్చలేదు. సేనలు వెళ్లిపోవడానికి 2021 మే 1 గడువు ఒప్పుకున్నారు. బైడెన్ వచ్చేసరికి అక్కడ మిగిలింది 2,500 మంది సైనికులు. కాబట్టి ఒప్పందంలోని షరతులు, బలహీనమైన స్థితి ట్రంప్ ఖాతాలోకే వెళ్తాయి.

ఇక ‘నా చేతులు కట్టేసి ఇచ్చారు’ అనే బైడెన్ వైపు వాదన. బైడెన్ వచ్చిన రోజే, ట్రంప్ బయటికి తెచ్చిన పారిస్ వాతావరణ ఒప్పందంలో తిరిగి చేరడానికి సంతకం పెట్టారు. పాత నిర్ణయాలను తిరగదోడటం ఆయనకు చేతకాని పనేం కాదు. దోహా గడువును కూడా ఆయనే ఆగస్టు 31కి జరిపారు. ఆగస్టు 15న కాబూల్ తాలిబన్ల చేతికి పోయింది, 26న విమానాశ్రయం గేటు దగ్గర బాంబు దాడిలో 13 మంది అమెరికా సైనికులు, ఎందరో అఫ్గాన్లు చనిపోయారు. దాడి చేసింది ఐసిస్ శాఖే కావచ్చు. కానీ జనాన్ని తరలించే పని అంత ఆలస్యంగా, హడావిడిగా మొదలైనందుకు జవాబు చెప్పాల్సింది బైడెనే.