మూడున్నర స్టార్లు, అందులో ఒకటి ఆయమ్మది

మావాడికి ఆటిజం. 2020 మార్చిలో బళ్ళు మూసేసరికి వాడికి ఆరేళ్ళు. ఆన్‌లైన్ క్లాసంటే వాడికి మ్యూట్ బటన్ నొక్కడం, తీయడం, టీచరమ్మ గొంతు వచ్చిపోతుంటే పకపకా నవ్వడం. ఏడాదిన్నర అలాగే గడిచింది. 1 నుంచి 5 తరగతులకి 2021 అక్టోబర్ 25న బళ్ళు తెరుస్తున్నారని తెలిసిన రోజే బెంగళూరు మారతహళ్ళిలోని ఈ థెరపీ సెంటర్‌కి ఫోన్ చేశాను. పిల్లల్ని మళ్ళీ బడికి అలవాటు చేయడానికి వారానికొకటి చొప్పున 12 సెషన్లు, డబ్బంతా ముందే కట్టాలి. కట్టేశాం.

మాస్కు విషయంలో వీళ్ళ పని బాగుంది. మేం ఇంట్లో పెడితే వాడు పీకి పారేసేవాడు. ఇక్కడ మొదటి వారం చేతికి చుట్టారు. రెండో వారం బుగ్గకి ఆనించారు. ఆ తర్వాత నోటి మీద పెట్టి ఒకటి నుంచి ఐదు దాకా లెక్క, లెక్క అవగానే తీసేయడం. లెక్క అయిపోతే మాస్కు తీసేస్తారని నమ్మకం కుదిరాక ఇరవై దాకా కూడా కూర్చున్నాడు. చెవులకి ఎలాస్టిక్ తగిలితే గోల చేస్తాడని టోపీకి రెండు గుండీలు కుట్టుకురమ్మన్నారు, మాస్కు వాటికి తగిలిస్తారు. స్పీచ్ మేడమ్ మాత్రం ముఖానికి ప్లాస్టిక్ షీల్డ్ పెట్టుకుని కాస్త దూరంగా కూర్చునేది. ప, బ, మ పెదాలు చూస్తేనే కదా వాడు పలికేది.

బడి గేటు, చేతులు కడిగే కుళాయి, బెంచీ, క్లాస్ టీచర్, ఇలా ఫొటోలు తెమ్మని లామినేట్ చేసి చిన్న పుస్తకం కుట్టిచ్చారు. రోజూ పడుకునే ముందు చూపించాలి. దీపావళి దాటాక, నవంబర్ మధ్యలో బడికి తీసుకెళ్ళాం. అసలే కోవిడ్ అని తల్లిదండ్రుల్ని గేటు దాటనివ్వట్లేదు. లోపలి నుంచి టీచర్ మాస్కుతో వచ్చింది. వాడు పుస్తకం తెరిచి ఫొటో చూశాడు, ఆవిణ్ణి చూశాడు, మళ్ళీ ఫొటో చూశాడు. నేల మీద కూలబడిపోయాడు. ఫొటోలో ఆవిడకి మాస్కు లేదు! మాకూ తట్టలేదు, సెంటర్ వాళ్ళకీ తట్టలేదు.

మర్నాడు సెంటర్లో చెబితే మేడమ్ "నోట్ చేసుకుంటాం" అంది. పక్కనే నేల తుడుస్తున్న ఆయమ్మ చేతులు కడుక్కొచ్చి, పాత మాస్కులోంచి బొటనవేలంత ముక్క కత్తిరించింది. ఫొటోలో టీచర్ ముక్కు మీద పైఅంచుకి మాత్రం సెల్లోటేపు వేసి అంటించింది. "ఇట్ల ఎత్తు నాయనా, మీ మేడమ్. దించు, మళ్ళీ మీ మేడమే." ఆమెది ఆంధ్ర సరిహద్దులోని ములబాగల్ వైపు, కాబట్టి తెలుగు. థెరపీ అంతా ఇంగ్లీషులోనే, ఇంట్లో "కూచో", ఇక్కడ "సిట్". ఆ మాట అంటే ఏదో ఒక భాషకే కట్టుబడండని సలహా ఇచ్చారు, మార్చుకోవాల్సింది మేమే అన్నట్టు.

ఆ ముక్కని వాడు ఆ పూటంతా ఎత్తుతూ దించుతూనే ఉన్నాడు. ఆ వారంలోనే గేటు దాటాడు. ఏడ్చుకుంటూనే అనుకోండి.

ఇక డబ్బు సంగతి. మధ్యలో థెరపిస్టు సెలవులని మూడు వారాలు క్లాసు లేదు, అదీ పొద్దున వాట్సాప్‌లో చెప్పారు. చెప్పులేసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డ పిల్లాడికి "ఇవాళ లేదు" అని చెప్పడమంటే ఏమిటో వీళ్ళకి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? 2022 జనవరిలో ఒమిక్రాన్‌తో బెంగళూరులో మళ్ళీ బళ్ళు మూసేసరికి మూడు సెషన్లు మిగిలాయి. డబ్బు తిరిగివ్వరట, ఆన్‌లైన్‌లో తీసుకోవాలట. మ్యూట్ బటన్ సంగతి వాళ్ళకి మొదటి రోజే చెప్పాను. తీసుకోలేదు, డబ్బూ రాలేదు. ఒకటిన్నర స్టారు అక్కడ పోయింది.

చేరేవాళ్ళు డబ్బు ఒక్కసారే కట్టకండి, నెలనెలా కడతామని గట్టిగా అడగండి. పొద్దుటి పూట స్లాట్ తీసుకోండి, ఆయమ్మ మధ్యాహ్నం ఒంటిగంటకి వెళ్ళిపోతుంది.