గంటస్తంభం దగ్గర వాచీ రిపేరు దుకాణం: నా హెచ్‌ఎంటీ జనతాకు చేయించిన సర్వీసింగు

విజయనగరం గంటస్తంభం దగ్గర, మార్కెట్ వైపు తిరిగే ఒక సందులో, బోర్డు మీది అక్షరాలు సగం చెరిగిపోయిన చిన్న వాచీ రిపేరు దుకాణం ఉంది. ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటు ఉండదు. కిందటి నెల అక్కడ నా హెచ్‌ఎంటీ జనతా వాచీకి సర్వీసింగు చేయించుకున్నాను. పాత కీ వాచీలను బీరువాలో దాచుకుని, ఎవరి చేతికి ఇవ్వాలో తెలియక ఊరుకున్నవాళ్లు మన జిల్లాలో చాలామందే ఉంటారు కనుక, అక్కడ జరిగిన పనిని కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ఆ వాచీ 1981లో నాకు రైల్వేలో గూడ్సు గార్డు ఉద్యోగం వచ్చినప్పుడు మా నాన్నగారు కొనిచ్చినది. వెనక మూత మీద నా పేరు, తేదీ చెక్కించి మరీ ఇచ్చారు. హెచ్‌ఎంటీ సంస్థ జపాను సిటిజన్ కంపెనీ సహకారంతో 1961లో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టిందని, ఈ జనతాలో చక్రాల ఇరుసులు అరగకుండా పెట్టే రాళ్లు 17 ఉంటాయని ఆ రోజుల్లో మాకెవరికీ తెలియదు. చేతికి వాచీ ఉండటమే గొప్ప. రైలు బయలుదేరే ముందు గార్డు స్టేషను గడియారాన్ని చూసి తన వాచీ సరిచేసుకుని, ఆ టైము డ్రైవరుకు చెప్పాలని, డ్రైవరు దాన్నిబట్టి తన వాచీ సరిచేసుకోవాలని రైల్వే నిబంధన. బొబ్బిలి ఎన్నింటికి దాటాము, పార్వతీపురం ఎన్నింటికి చేరాము అన్నది జర్నల్లో రాసుకుంటూ రాయగడ దాకా వెళ్లివచ్చే నాకు, టైము తప్పనిదే మంచి వాచీ. పొద్దున్నే స్నానం కాగానే కీ ఇవ్వడం, స్ప్రింగు బిగిసిందని వేళ్లకు తెలియగానే ఆపడం పదేళ్లపాటు తప్పని అలవాటు.

ఆ లెక్కన చూసుకుంటే 1990 తర్వాత సెల్లుతో నడిచే టైటన్ వాచీకి నేను మారిపోవడంలో వింతేమీ లేదు. సెకనుకు 32,768 సార్లు కంపించే చిన్న స్ఫటికం ఆధారంగా నడిచే ఆ వాచీలో నెలంతా గడిచినా పదిహేను సెకన్లకు మించి తేడా కనబడేది కాదు. జనతా బీరువాలోకి వెళ్లింది. మా అమ్మాయి పెళ్లిలో అల్లుడుగారికి టైటన్ ఎడ్జ్ పెట్టాము. మొత్తం మందం మూడున్నర మిల్లీమీటర్లు, అందులో మెషిను మందం 1.15 మిల్లీమీటర్లు అని తెలిసి, ఇంత పలచని చోట ముళ్లు ఒకదానికొకటి తగలకుండా ఎలా తిరుగుతున్నాయా అని పెళ్లి పనుల మధ్యలో కూడా దాన్ని పట్టుకుని చూస్తూ కూర్చున్నాను. ఒక వాచీని టైము కోసం కాకుండా పనితనం కోసం చూడటం నాకు అదే మొదలు.

2019లో రిటైరైనప్పుడు మా అబ్బాయి వెనకవైపు అద్దం మూత ఉన్న సీకో ఆటోమేటిక్ ఇచ్చాడు. చేయి కదిలినప్పుడల్లా లోపల అర్ధచంద్రాకారపు బరువు ఊగి స్ప్రింగును బిగించడం, వాచీ నడకను నిలిపే చిన్న చక్రం, బ్యాలెన్స్ వీలు, అటూ ఇటూ ఆడటం ఆ అద్దంలోంచి కనబడతాయి. సెల్లు వాచీలో సెకన్ల ముల్లు సెకనుకు ఒక్కసారి గెంతుతుంది. ఇందులో సెకనుకు ఆరు అడుగులు వేస్తూ పాకినట్టు పోతుంది. జనతాలో ఆ అడుగులు ఐదు. అప్పటి నుంచి ఏ వాచీ చూసినా నిమిషాల ముల్లు కొస గీతల దాకా చేరిందా, అంకెల అంచులు పదునుగా ఉన్నాయా, కేసు అంచుల్లో మెరుపు, గరుకు కలిసే చోట గీత సూటిగా ఉందా అని పరీక్షగా చూడటం అలవాటైంది. ఈ చూపు వచ్చాకే బీరువాలోని జనతా మళ్లీ బయటికి వచ్చింది.

మొదట తొందరపడి దాన్ని ఒక పెద్ద నగరంలోని దుకాణంలో ఇచ్చాను. వాళ్లు నన్ను అడగకుండానే కేసును బఫింగు చక్రం మీద పెట్టి అద్దంలా మెరిపించి ఇచ్చారు. అంచులన్నీ అరిగి గుండ్రంగా అయ్యాయి. వెనక నాన్నగారు చెక్కించిన పేరులో సగం పోయింది, తేదీలో ఏడాది మాత్రం మిగిలింది. ఆ మూత చూసిన రోజు నాకు అన్నం సహించలేదు. అంతా చేసి, లోపలి మెషినును తాకనే లేదు. వాచీ రోజుకు పావుగంట ముందుకు పోతూనే ఉంది.

గంటస్తంభం దగ్గరి దుకాణాయన వయసు నా కంటే నాలుగైదేళ్లు తక్కువ ఉంటుంది. వాచీ చేతికి తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. తర్వాత సొరుగులోంచి చిన్న దిక్సూచి తీసి వాచీ పక్కన పెట్టారు. దాని ముల్లు వాచీ వైపు వణుకుతూ తిరిగింది. "గార్డుగారూ, ఇది పాడవలేదండి. అయస్కాంతం పట్టేసింది. నూనె కూడా ఎండిపోయింది," అన్నారు. బ్యాలెన్స్ వీలును ఊపే వెంట్రుకలాంటి సన్నని హెయిర్ స్ప్రింగు చుట్లకు అయస్కాంత గుణం పడితే అవి ఒకదానికొకటి అంటుకుంటాయి, దానితో స్ప్రింగు పొట్టిదైనట్టు అయి వాచీ ఉరుకుతుందని వివరించారు. అప్పుడు గుర్తుకొచ్చింది. నా ఫోను కవరుకు అయస్కాంతపు మూత ఉంది, వాచీని ఎప్పుడూ దాని మీదే పెడుతున్నాను.

మూత తీసి, కంటికి భూతద్దం పెట్టుకుని నన్నూ చూడమన్నారు. ఎర్రని కృత్రిమ కెంపు రాయి మధ్య రంధ్రం చుట్టూ, నూనె ఉండవలసిన చోట గోధుమరంగు జిగురు పేరుకుని ఉంది. వాచీ నడకను కొలిచే టైమింగు మెషిను మీద పెడితే బ్యాలెన్స్ వీలు ఊపు 190 డిగ్రీలు చూపించింది. విప్పి, కడిగి, నూనె వేశాక నా ఎదుట మళ్లీ కొలిచారు, 275 డిగ్రీలు వచ్చింది, అంటే చక్రం మళ్లీ బలంగా ఊగుతోందన్నమాట. కీ ఇస్తే బిగుసుకునే మెయిన్ స్ప్రింగు మార్చవలసి వచ్చింది. హెచ్‌ఎంటీ వాచీల కంపెనీని మూసివేయడానికి కేంద్ర ప్రభుత్వం 2016లో ఆమోదం తెలిపింది కనుక విడిభాగాలు కంపెనీ నుంచి వచ్చే దారి లేదు. ఆయన దగ్గర పాత స్టాకులో మిగిలిన స్ప్రింగు ఉంది, అది వేసే ముందే ధర చెప్పి నా అనుమతి అడిగారు. ఇప్పుడు పొద్దున ఒక్కసారి కీ ఇస్తే మర్నాడు రాత్రి దాకా నడుస్తోంది.

నాకు అన్నిటికంటే నచ్చినది ఆయన చేయనన్న పని. కేసు మీద కొత్త గీతలు పడ్డాయి, కాస్త పాలిష్ పెట్టమని నేనే అడిగాను. మూత వెనక్కి తిప్పి, మిగిలిన అక్షరాల మీద గోరు ఆనించి, "ఇంకొక్కసారి చక్రం మీద పెడితే ఇవీ పోతాయండి. గీతలు ఉండనివ్వండి," అన్నారు. డయలు ఒక అంచున పసుపు తిరిగింది. దానికి రంగు వేయిస్తానని కూడా అనలేదు. ఆన్‌లైన్లో కొత్తవాటిలా మెరుస్తూ అమ్మకానికి వచ్చే పాత హెచ్‌ఎంటీలలో చాలావాటి డయళ్లు మళ్లీ రంగు వేసినవే. అక్షరాలు లావుగా, నిమిషాల గీతలు అంచుకు సరిపడకుండా ఉంటే గుర్తుపట్టవచ్చని ఆయనే రెండు డయళ్లు పక్కపక్కన పెట్టి చూపించారు.

మొత్తం 1,100 రూపాయలు తీసుకున్నారు, తీసివేసిన పాత స్ప్రింగును కాగితంలో చుట్టి ఇచ్చారు. వారంలో ఇస్తానన్నది తొమ్మిది రోజులు పట్టింది. రసీదు అడిగితే చిన్న చీటీ మీద రాసిస్తారు, అడగకపోతే అదీ ఉండదు. వాచీ ఇచ్చేటప్పుడే అన్ని వైపులా ఫోటోలు తీసుకోవడం మంచిది. సాయంత్రం ఆ సందులో రద్దీ ఎక్కువ, ఆయనా సెల్లులు, బెల్టులు మార్చే పనిలో ఉంటారు. కీ వాచీ చూపించాలంటే పదిన్నర ప్రాంతంలో వెళ్లాలి. నీళ్లలో వాడే వాచీలకు ఒత్తిడి పరీక్ష చేసే మెషిను ఆయన దగ్గర లేదు, ఆ సంగతి ఆయనే చెప్పి పంపేస్తారు.

ప్రస్తుతం నా జనతా రోజుకు పన్నెండు సెకన్లు ముందుకు పోతోంది. రాత్రి డయలు పైకి ఉండేలా పడుకోబెడితే కాస్త ఎక్కువ, కీ కిందికి ఉండేలా నిలబెడితే కాస్త తక్కువ. ఏ రాత్రి ఎలా పెట్టానో, పొద్దున ఎంత తేడా వచ్చిందో నెలరోజులు రాసి తెమ్మన్నారు, దాన్నిబట్టి సరిచేస్తారట. పాత గార్డు జర్నల్లో మిగిలిన ఖాళీ పేజీల్లో రోజూ ఉదయం ఆరింటికి రాస్తున్నాను. ఇప్పటికి పంతొమ్మిది వరుసలు అయ్యాయి.