మిక్స్‌డ్ మీడియా స్కెచ్‌బుక్ చాలాకాలం వాడాక: పేపర్‌కి కిటికీలు కోసేవాళ్ళ కోసం

పేజీలెన్ని, కవర్ ఏ రంగు లాంటివి ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను. నాకు ఈ పుస్తకం మీద ఉన్న పిచ్చంతా ఒక్కదానికే, దీని పేపర్‌ని కట్టర్‌తో కోస్తే అంచు నీట్‌గా వస్తుంది. పీచు లేవదు, కోసిన చోట పేజీ వాలిపోదు. 100, 120 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే లెక్క) మామూలు స్కెచ్ పేపర్‌లో మధ్యలో ఒక చతురస్రం కోసి తీసేస్తే చుట్టూ మిగిలింది నీరసంగా వేలాడుతుంది, పేజీ తిప్పేటప్పుడు ఎక్కడో తగులుకుని చిరిగిపోతుంది కూడా. ఇది 250, అందుకే కిటికీ కోసినా నిలబడుతోంది.

నేను వేసేవి పెద్ద బొమ్మలేం కాదు, బోర్డర్లు, ఒకే బొమ్మ మళ్ళీ మళ్ళీ వచ్చే రిపీట్ డిజైన్లు, అంతే. ఐడియా రాకపోతే ఒక సర్కిలో స్క్వేరో పట్టుకుని కోయడం, జరపడం, తిప్పడం, నా పద్ధతి ఎప్పుడూ ఇదే. సర్కిల్‌ని అడ్డంగా సగానికి కోసి కింది సగాన్ని వ్యాసమంత పక్కకి జరిపితే అల వస్తుంది, అందులో సగమే జరిపితే ఇంకేదో వస్తుంది. ఒక చతురస్రంలో ఎదురెదురు మూలల నుంచి పావు సర్కిళ్ళు గీస్తే అవి ఒకదాని మీద ఒకటి పడ్డచోట ఆకు. ఇవన్నీ ఏ కాగితం మీదైనా చేసుకోవచ్చు, కాదనను. కానీ కిటికీతో జరిగేది వేరే.

కుడి పేజీలో కిటికీ కోస్తే దాంట్లోంచి తర్వాతి పేజీ కనిపిస్తుంది, అది తెలిసిందే. ఆ పేజీ తిప్పేస్తే అదే కిటికీ ఎడమవైపుకొచ్చి ముందు పేజీ మీద పడుతుంది, అంటే ఒక్క కోతకి రెండు బొమ్మలు. ఇది తెలిసి చేసింది కాదు. నల్ల ఇంకుతో నింపిన పేజీలో ఒక చతురస్రం కోశా, వెనక పేజీలో గీతలు కనిపించాలని, అంతవరకే ప్లాన్. తిప్పి చూస్తే ఎప్పుడో రంగు ఎలా ఉందో చూద్దామని ఆరెంజ్ క్రేయాన్‌తో గీసి వదిలేసిన ఒక వంపు సరిగ్గా కిటికీ మూలకి వచ్చి సగంలో తెగి కనిపించింది. కోసిన పేజీ వెనకవైపు కూడా అంతకుముందే ఒక పావు సర్కిల్ వేసి ఉంది, ఈ వంపు దాని కొనకి దాదాపు కలిసింది, కొంచెం తేడా ఉంది, ఆ తేడానే బావుంది అసలు, ఎందుకంటే కావాలని గీస్తే నేను కచ్చితంగా కలిపేసేవాణ్ణి. ఆ తెగిన వంపుని ట్రేసింగ్ పేపర్ మీదకి ఎత్తి, ఒక వరస మామూలుగా, పక్క వరస సగం కిందకి దించి వేసుకుంటూ పోతే నేను ఈ మధ్య వేసినవాటిలో నాకు బాగా నచ్చిన రిపీట్ వచ్చింది. అప్పట్నుంచి ఏ పేజీ పట్టుకున్నా ముందు కిటికీ ఎక్కడ పెట్టాలా అనే చూస్తున్నా.

కోసి తీసిన ముక్క పారేయొద్దు. దాన్ని మూలకి మూల గీసి సగం నలుపు చేస్తే నాలుగు రకాలుగా తిప్పి అతికించొచ్చు, అలాంటివి రెండు పక్కపక్కన పెడితే పదహారు. ఇది నేను కనిపెట్టిందేం కాదు, ఇలా రెండు రంగులుగా చీలిన పలకల అమరికల మీద సెబాస్టియన్ ట్రూషే అనే ఫ్రెంచ్ మతాచార్యుడు 1704లోనే రాశాడు.

ఇక కోపమొచ్చిన సంగతి. కవర్ మీద మీడియాల లిస్ట్ పెద్దగా రాసి ఉంటుంది, అందులో యాక్రిలిక్ కూడా ఉంది, పేపర్ దాన్ని తట్టుకుంటుంది కూడా, ఒక్క చుక్క కూడా వెనక్కి దిగలేదు. కానీ యాక్రిలిక్ ఆరినట్టు కనిపించినా వేడికి మెత్తబడే రకం, రెండు పెయింట్ పేజీలు ఎదురెదురుగా నొక్కుకుని ఉంటే అతుక్కుంటాయి. ఈ పుస్తకానికి గట్టి ఎలాస్టిక్ ఒకటి, అది రాత్రింబవళ్ళు పేజీల్ని నొక్కి పెడుతూనే ఉంటుంది. ఎండల్లో కొన్నాళ్ళు ముట్టుకోకుండా వదిలేసి తెరిస్తే చర్రుమని శబ్దం, కిటికీ చుట్టూ ఉన్న సన్నటి పట్టీ ఎదురు పేజీకి అతుక్కుని పోయింది, నీలం పెయింట్ దాంతోపాటు పొరలా లేచొచ్చింది, కిటికీకి ఒకవైపు అంచే లేదు. ఇప్పుడు మధ్యలో బటర్ పేపర్ పెడుతున్నా, ఎలాస్టిక్ పెట్టడం మానేశా. అతుక్కోవడం పెయింట్ గుణమే అనుకోండి, కానీ అంత లిస్ట్ రాసినవాళ్ళు ఆ ఒక్క ముక్క కూడా రాయొచ్చుగా?

పేపర్ గురించి పైన అంత పొగిడా కదా, అది పొడిగా ఉన్నంతవరకే అని చెప్పాలి. గువాష్ (వాటర్‌కలర్ లాంటిదే, కానీ కింది కాగితం కనిపించకుండా కప్పేసే రంగు) చిక్కగా వేస్తే పర్లేదు, నీళ్ళు ఎక్కువైతే కిటికీ మూలలు పైకి లేస్తాయి. వెనకవైపు ఉత్త నీళ్ళు బ్రష్‌తో రాసి బరువు కింద పెడితే చాలావరకు సర్దుకుంటుంది, పూర్తిగా కాదు. వాటర్‌కలర్ తడి మీద తడి వేసి రెండుసార్లు రుద్దితే పైపొర ఉండలు కడుతుంది. మాస్కింగ్ టేప్ మెల్లగా పీకితే వచ్చేస్తుంది, తొందరపడితే పేపర్ కూడా దాంతో వస్తుంది.

కుట్టు బైండింగ్ కాబట్టి మొదట్లో పూర్తిగా ఫ్లాట్‌గా తెరుచుకునేది, రెండు పేజీల మీదుగా ఒకే సర్కిల్ గీసేవాణ్ణి. అతికించిన ముక్కలు పెరిగేకొద్దీ పుస్తకం పొట్ట ఉబ్బింది, ఇప్పుడు మధ్య పేజీల్లో చేత్తో నొక్కి పట్టుకుంటే తప్ప స్కాన్‌కి రాదు. నేను ఎలాగూ ట్రేస్ చేసుకుంటా కాబట్టి నాకు పెద్ద బాధ లేదు, నేరుగా స్కాన్ చేసి పని పంపించేవాళ్ళకి ఇది చిరాకే.

నేను ఇదే మళ్ళీ తీసుకున్నా, ఈసారి పెద్ద సైజు, ఎందుకంటే చిన్నదాంట్లో ఒక కిటికీ కోస్తే ఇక గీయడానికి చోటుండట్లేదు. నా పని అంతా ఇంకు, క్రేయాన్, గువాష్, కత్తిరింపులు. వాటర్‌కలర్ ఒక్కటే వేసేవాళ్ళయితే ఆ డబ్బుతో కాటన్ పేపర్ చూసుకోండి, ఇది తీసుకుని నన్ను తిట్టుకోవద్దు.