రాయగడ కొండల్లో టాక్టికల్ బ్యాగు: గుడ్డ నిలిచింది, మిగతావన్నీ మార్చాల్సి వచ్చింది

ముందే తేల్చి చెబుతాను. మూడు నాలుగు రోజుల సామాను పట్టే టాక్టికల్, అంటే సైనిక తరహా బ్యాగు కొనబోయేవారు గుడ్డ మందం గురించి తక్కువ అడగండి. కుట్టు, జిప్పు రన్నర్, నడుము బెల్టు, ఈ మూడింటి గురించి ఎక్కువ అడగండి. నా బ్యాగు గుడ్డకు ముళ్ళ వల్ల ఇన్నేళ్లలో ఒక్క చిరుగు కూడా పడలేదు. దాని చుట్టూ ఉన్నవన్నీ ఒకటి తర్వాత ఒకటి మరమ్మతుకు వచ్చాయి.

నేను ఉండేది ఒడిశాలోని రాయగడలో. కొండ ఊళ్ళలో ఊటనీళ్ళ సర్వే నా పని. బిస్సంకటక్, మునిగుడ వైపు బస్సు దిగి, జీపు వెళ్ళినంత దూరం జీపులో వెళ్ళి, ఆ పైన నడుస్తాం. కొరాపుట్ జిల్లాలో పొట్టంగి వైపూ పని పడుతుంది. దేవమాలి శిఖరం (1,672 మీటర్లు) అటువైపే. రాత్రి బస బడి వరండాలోనో, ఎవరి ఇంటి అరుగు మీదో. అందుకని గుడారం మోయను. దుప్పటి, బట్టలు, వానకోటు, బియ్యం, పప్పు, ఊట ఎంత వేగంగా నింపుతుందో చూడడానికి లీటరు గుర్తులున్న స్టీలు పాత్ర, స్టాప్‌వాచ్, నీళ్ళలో కరిగిన లవణాలు చూసే టీడీఎస్ మీటరు, కాగితాలు. నీళ్ళతో కలిపి పన్నెండు కిలోల దాకా అవుతుంది. 45 లీటర్ల బ్యాగు దీనికి సరిపోతుంది. డిసెంబరు, జనవరిలో మాత్రం రెండో దుప్పటి తప్పదు. అప్పుడు కూర్చి కూర్చి నింపాలి.

కంపెనీ పేరు రాయడం లేదు. ఆ మోడల్ ఇప్పుడు అదే రూపంలో రావడం లేదు, పేరు చెప్పినా మీకు పనికిరాదు. వెయ్యి డెనియర్ నైలాన్, ముందు భాగమంతా పట్టీల వరసలు, మూడు వైపులా తెరుచుకునే జిప్పు, మట్టి రంగు. ఇలాంటివి బజారులో చాలా ఉన్నాయి.

డెనియర్ అంటే తొమ్మిది వేల మీటర్ల నూలు పోగు ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ అంకె. అంటే వెయ్యి డెనియర్ అన్నది పోగు ఎంత లావో చెబుతుంది, గుడ్డ నాణ్యతను కాదు. అదే వెయ్యి డెనియర్ పాలిస్టర్ కూడా దొరుకుతుంది. రాపిడికి, చిరుగుకు నైలాన్ ముందు అది ఆగదు. ఎండకు రంగు పోకుండా ఉండడంలో మాత్రం పాలిస్టరే మెరుగు. మా దారుల్లో లాంటానా పొదలు భుజాల ఎత్తున కమ్మేసి ఉంటాయి. వాటిని దూసుకుంటూ నడిచినా నా నైలాన్ బ్యాగుకు పైపైన నూగు లేచిందే తప్ప పోగు తెగలేదు. అయితే మంచి ఐదు వందల డెనియర్ నైలాన్‌తో కూడా ఈ పని నడిచేదని ఇప్పుడు నా అభిప్రాయం. మా బృందంలో ఒక తమ్ముడి బ్యాగు అలాంటిదే. నా దానికంటే బాగా తేలిక, చిరుగులు అతనికీ లేవు. ఖాళీగానే రెండు కిలోలు దాటే బ్యాగును కొండ ఎక్కించడం ఎందుకో ఎక్కువ డెనియర్ కావాలనేవారు ఒకసారి ఆలోచించుకోవాలి.

మొదట పోయింది ఎడమ భుజం పట్టీ మొదలు. పట్టీ బ్యాగు వీపులోకి దిగే చోట దగ్గర దగ్గరగా అడ్డంగా వేసే గట్టి కుట్టు ఉండాలి. బార్‌ట్యాక్ అంటారు. నా బ్యాగుకు బయట కనిపించే పట్టీలన్నిటికీ ఆ కుట్టు ఉంది. బరువంతా పడే ఈ ఒక్క చోట మాత్రం మామూలు మిషను కుట్టు రెండు వరసలు వేసి వదిలేశారు. బ్యాగును ఒక చేత్తో లాగి జీపు పైకి విసిరే ప్రతిసారీ ఆ కుట్టు ఒక్కో పోగు వదిలింది. రాయగడలో బ్యాగులు, చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరకు తీసుకెళ్తే, లోపలి గుడ్డ తిప్పి చూసి, "అమ్మా, గుడ్డ ఏనుగును కట్టినా ఆగుతుంది, దారం చూడు, దిండు గలేబుకు వేసే దారం ఇది" అన్నాడు. పాత దారం ఊడదీసి, మందపాటి నైలాన్ దారంతో చేత్తో కుట్టాడు. లోపల తోలు ముక్క ఒకటి ఆనించి, పెట్టె ఆకారంలో కుట్టి, మధ్యలో ఇంటూ గుర్తు వేశాడు. ఆ చోటు మళ్ళీ కదలలేదు. రెండో వైపు కూడా అప్పుడే కుట్టించేశాను. కొన్న కంపెనీకి ఫోటోలు పంపితే కొరియర్ ఖర్చు నాదే అన్నారు. పైగా బ్యాగు నెల రోజులు వాళ్ళ దగ్గర ఉంటుందట. పెద్దాయన ఒక పూటలో చేసి ఇచ్చాడు. జీవితకాలపు వారంటీ అని రాసి ఉంటే మురిసిపోకుండా, బ్యాగు ఎక్కడికి పంపాలో అడగండి.

ఇక జిప్పు. పళ్ళు అరిగి జిప్పు పాడవడం అరుదు. రన్నర్ అరుగుతుంది. మా ఎర్రమట్టి ధూళి రన్నర్‌లోకి చేరి లోపలి లోహాన్ని కొరుకుతుంది. సందు పెద్దదవుతుంది. అప్పుడు జిప్పు వేసినట్టే వేసి వెనక విడిపోతూ వస్తుంది. పటకారుతో రన్నర్ రెండు అంచులను కొద్దిగా నొక్కితే కొన్నాళ్ళు నడుస్తుంది. ఆ తర్వాత రన్నర్ ఒక్కటే మార్పించుకోవాలి, జిప్పంతా కాదు. రన్నర్ వెనక వైపు జిప్పు సైజు అంకె ఉంటుంది. పెద్ద అరకు 8 గానీ 10 గానీ ఉండేలా చూడండి. 5 చిన్న జేబులకు పరవాలేదు. నా దానికి పెద్ద అరకు కూడా 5 వేశారు. పట్టీలకు అంత గుడ్డ ఖర్చు పెట్టినవాళ్ళు ఇక్కడ ఎందుకు పిసినారితనం చూపారో నాకు అర్థం కాలేదు. వారానికోసారి పాత పళ్ళ బ్రష్షుతో ధూళి దులిపి, కొవ్వొత్తి రుద్దడం అలవాటు చేసుకున్నాక కొత్త రన్నర్ బాగానే నిలిచింది. సూట్‌కేసులా పూర్తిగా తెరుచుకునే బ్యాగుల్లో ఒక చిక్కుంది. కుక్కి నింపినప్పుడు లాగుడంతా జిప్పు మీదే పడుతుంది. పక్క పట్టీలు ముందు బిగించి, ఆ తర్వాత జిప్పు వేస్తే దాని మీద భారం తగ్గుతుంది.

నడుము బెల్టు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. సైనిక తరహా బ్యాగు కొన్నవారిలో ఎక్కువమంది బాధపడేది ఇక్కడే. ఈ బ్యాగుల నమూనా తూటా రక్షణ కవచం మీద వేసుకోవడానికి పుట్టింది. నడుముకు అప్పటికే ఆయుధాల బెల్టు ఉంటుంది కాబట్టి బ్యాగుకు పెద్ద బెల్టు పెట్టరు. భుజం పట్టీలు కూడా కవచం మీద కూర్చునేలా ఎడంగా ఉంటాయి. మనకు కవచం లేదు, వీపు ఉంది. నా బ్యాగుకు వచ్చింది రెండు వేళ్ళ వెడల్పు ఉత్త పట్టీ. అది బరువు మోయదు, బ్యాగు అటూ ఇటూ ఊగకుండా పట్టుకుంటుంది, అంతే. పన్నెండు కిలోలు మూడు గంటలు భుజాల మీదే మోస్తే మెడ నరాలు లాగేసి, చేతి వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. బరువులో ఎక్కువ భాగం తుంటి ఎముకల మీదకు దిగాలి. అలా దిగాలంటే బెల్టు మెత్తగా, వెడల్పుగా ఉండాలి, వీపు వెనక వంగని పలకో అల్యూమినియం పట్టీయో ఉండాలి. నా బ్యాగులో ప్లాస్టిక్ పలక ఉంది కాబట్టి, విడిగా దొరికే ఫోమ్ బెల్టు ఒకటి కొని తగిలించాను. సుఖపడ్డాను. కానీ ఆ ఖర్చు కలుపుకుంటే ధర మామూలు ట్రెకింగ్ బ్యాగును దాటిపోయింది.

వీపు పొడవు కూడా కొలవండి. తల ముందుకు వంచితే మెడ కింద పొడుచుకొచ్చే ఎముక దగ్గర టేపు పెట్టి, తుంటి ఎముకల పై అంచు వరకు దింపాలి. లీటర్ల కంటే ఈ కొలతే ముఖ్యం. నేను పొట్టిదాన్ని. ఒకే సైజులో వచ్చే సైనిక బ్యాగుల్లో చాలావాటి బెల్టు నాకు తొడల మీదకు దిగుతుంది. ట్రెకింగ్ బ్యాగుల్లో వీపు పొడవు సర్దుకునేవి, ఆడవారి కొలతలతో వచ్చేవి దొరుకుతాయి. ఆ విషయంలో అవి స్పష్టంగా మేలు.

ముందు భాగంలో అడ్డంగా ఉండే పట్టీల వరసలను మోలీ పద్ధతి అంటారు. 1990ల చివర్లో అమెరికా సైన్యం తెచ్చింది. 25 మిల్లీమీటర్ల పట్టీ, అంతే ఎడం, 38 మిల్లీమీటర్లకో కుట్టు. ఈ కొలత అందరూ పాటిస్తే ఏ కంపెనీ సంచినైనా ఏ బ్యాగుకైనా తగిలించుకోవచ్చు. చవక రకాల్లో ఈ ఎడం తప్పుతుంది, సంచులు వేలాడతాయి. నాకు ఇందులో పనికొచ్చినది కొలత పరికరాలు పెట్టుకునే చిన్న సంచి ఒక్కటే. మిగతా వరసలన్నీ పొదల్లో కొమ్మలను పట్టుకోవడానికే పనికొచ్చాయి.

రంగు విషయం మా ప్రాంతంలో ఉన్నవారికి ప్రత్యేకంగా చెబుతున్నాను. ఆంధ్ర, ఒడిశా సరిహద్దులో ఏళ్ల తరబడి మావోయిస్టులు, పోలీసుల మధ్య నలిగిన ఊళ్ళు ఉన్నాయి. చారల చారల సైనిక రంగు బ్యాగుతో ఆ దారిన వెళ్తే తనిఖీ దగ్గర ఆపుతారు, ఊళ్ళోవాళ్ళు ఇంటి తలుపు వేసుకుంటారు. భారత సైన్యం 2022 జనవరిలో బయటపెట్టిన కొత్త యూనిఫాం నమూనాపై హక్కులను కూడా రిజిస్టరు చేసుకుంది, దాన్ని పోలిన గుడ్డ కొనకండి. నాది మట్టి రంగు అయినా, పట్టీల వరసలు చూసి ఒకటి రెండు చోట్ల సామానంతా కింద పరిపించారు. అప్పటి నుంచి పైన నారింజ రంగు వాన తొడుగు ఎండలో కూడా వేసే నడుస్తాను. ఊదా, బూడిద, నీలం ఏదైనా కొనుక్కోండి.

ఆ తొడుగు మీద వానకు ఆశలు పెట్టుకోకండి. మా జూలై వానలో నీళ్ళు వీపు వైపు నుంచి దిగి తొడుగు అడుగున చేరతాయి. గుడ్డకు పూత ఉన్నా కుట్టు రంధ్రాలు కారతాయి. లోపల మందపాటి ప్లాస్టిక్ సంచి పరిచి, అందులో సామాను పెట్టి మూతి మెలితిప్పడం ఒక్కటే నమ్మదగినది. తడిసిన బ్యాగును అటక మీద పడేస్తే లోపలి పీయూ (పాలీయురేథేన్) పూత తేమకు జిగటబడి, పొట్టులా రాలుతుంది. నాది అడుగున రాలడం మొదలైంది. నీడలో పూర్తిగా ఆరాకే పైన పెట్టాలి, వాషింగ్ మెషీన్‌లో వేయకూడదు.

ఎలుకల సంగతి కూడా చెప్పాలి. బడి వరండాలో పడుకున్న ఒక రాత్రి పక్క జేబులో వేరుశనగ గుళ్ళు ఉన్నాయి. పొద్దున చూస్తే అర్ధరూపాయంత బెజ్జం. ఎలుకకు డెనియర్ లెక్క తెలియదు. తినేవి డబ్బాలో పెట్టి దూలానికి వేలాడదీయండి.

ఇప్పుడు మళ్ళీ కొనాల్సి వస్తే, వీపు పొడవు సర్దుకునే, మంచి బెల్టున్న, ఐదు వందల డెనియర్ నైలాన్ ట్రెకింగ్ బ్యాగు 45, 50 లీటర్లలో తీసుకుంటాను. కవచం తొడుక్కునేవారికి, వాహనంలో ఎక్కువ తిరిగి కాస్త నడిచేవారికి, కెమెరాలూ పరికరాలూ విడి విడి అరల్లో పెట్టుకోవాల్సినవారికి సైనిక తరహా బ్యాగే మేలు. రోజంతా కొండ నడిచేవారికి కాదు. ఏది కొన్నా, చీటీలు తెంచకుండా ఇంట్లో పది కిలోల బియ్యం వేసి, మేడ మెట్లు అరగంట ఎక్కి దిగండి. లోపలి గుడ్డ తిప్పి కుట్టు అంచులకు పట్టీ వేసి ఉందో లేదో చూడండి, రన్నర్ అంకె చదవండి. తిరిగి ఇవ్వడానికి ఇచ్చిన గడువులోనే ఇదంతా చేయండి. పట్టీ దూర్చే చోట చీలిక ఉండి, కుట్టు విప్పకుండా మార్చుకునే బకిల్ ఒకటి అదనంగా తీసుకుని పై జేబులో వేసుకోండి. నడుము బకిల్ మీద జీపులో ఎవరో ఒకరు కాలు వేస్తూనే ఉంటారు.